ఆన్‌లైన్‌లో డిగ్రీ ఫిజిక్స్: దేనికి డబ్బు కట్టాలి, దేనికి అక్కర్లేదు?

డిగ్రీ స్థాయి ఫిజిక్స్‌ను ఇంటి దగ్గర ఉండి, తక్కువ ఖర్చుతో చదువుకోవడం గురించి హనుమకొండ, హుజూరాబాద్, ఏటూరునాగారం, గోదావరిఖని నుంచి వచ్చిన నాలుగు ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. పేర్లు వేయవద్దని కోరినందువల్ల ఊరు మాత్రమే ప్రచురిస్తున్నాము.

ప్రశ్న: మా అబ్బాయి ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో బీఎస్సీ ఎంపీసీఎస్ (గణితం, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్) రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఫిజిక్స్ చెప్పే సార్ బదిలీ అయి వెళ్లిన తరువాత ఆ స్థానంలోకి ఇంకా ఎవరూ రాలేదు. ఈ మధ్య ఒక ప్రైవేటు సంస్థ వాళ్లు ఫోన్ చేసి, సంవత్సరానికి 38,000 రూపాయలు కడితే డిగ్రీ ఫిజిక్స్ మొత్తం ఆన్‌లైన్‌లో చెప్పి సర్టిఫికెట్ కూడా ఇస్తామంటున్నారు. నేను రైతును. పత్తి అమ్మిన డబ్బు వచ్చేలోపే చేరాలని వాళ్లు తొందర పెడుతున్నారు. ఇంతకన్నా తక్కువలో మంచి కోర్సు దొరుకుతుందా? అది వాడి డిగ్రీకి పనికి వస్తుందా?
— ఒక తండ్రి, హుజూరాబాద్ మండలం

జవాబు: అయ్యా, ఆ డబ్బు కట్టకండి. మీ అబ్బాయికి కావలసినవి రెండే: పాఠం బాగా చెప్పే గురువు, వారం వారం లెక్కలు చేయించే క్రమం. ఈ రెండూ దేశంలోని పెద్ద విద్యాసంస్థల అధ్యాపకుల దగ్గరి నుంచే ఉచితంగా దొరుకుతున్నాయి. ఒక ప్రైవేటు సంస్థ తనంతట తానిచ్చే సర్టిఫికెట్‌ను ఏ విశ్వవిద్యాలయమూ మార్కుల మెమోలో చేర్చుకోదు. వాళ్లు తొందర పెడుతున్నారంటేనే మీరు నిదానించవలసిన అవసరం ఉన్నదని అర్థం.

ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్సీ కలిసి 2003లో ఎన్‌పీటెల్ అనే కార్యక్రమాన్ని మొదలుపెట్టాయి. మొదట్లో పాఠాల వీడియోలు మాత్రమే ఉండేవి. 2014 నుంచి గడువుతో కూడిన కోర్సులు, పరీక్షలు, సర్టిఫికెట్లు వచ్చాయి. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన ‘స్వయం’ వేదిక మీద ఎన్‌పీటెల్ కోర్సులతో పాటు, డిగ్రీ సిలబస్‌కు దగ్గరగా ఉండేటట్టు వివిధ విశ్వవిద్యాలయాల అధ్యాపకులు తయారు చేసిన కోర్సులు కూడా ఉన్నాయి. చేరడానికి, పాఠాలు వినడానికి, అసైన్‌మెంట్లు చేయడానికి ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు. సర్టిఫికెట్ కావాలనుకుంటే మాత్రం పరీక్ష రుసుము కట్టాలి. ఎన్‌పీటెల్‌లో అది ఒక్కో కోర్సుకు దాదాపు వెయ్యి రూపాయలు ఉంటూ వచ్చింది. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు అందులో సగం రాయితీ ఉంది. ఆ సెమిస్టర్‌కు ఖరారైన రుసుము పరీక్ష ప్రకటనలోనే ఉంటుంది కనుక కట్టే ముందు అది చూసుకోండి.

కోర్సు నడిచే తీరు కూడా చెబుతాను, ఎందుకంటే చాలామంది చేరిన మూడో వారానికే వదిలేస్తున్నారు. జనవరిలో ఒక విడత, జులైలో మరొక విడత మొదలవుతాయి. కోర్సులు 4, 8, 12 వారాల నిడివిలో ఉంటాయి. ప్రతి వారం కొన్ని వీడియో పాఠాలు, గడువు తేదీతో ఒక అసైన్‌మెంట్ వస్తాయి. 12 వారాల కోర్సులో పన్నెండు అసైన్‌మెంట్లలో బాగా చేసిన ఎనిమిదింటిని మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి పొలం పనుల రోజుల్లో ఒకటి రెండు తప్పిపోయినా నష్టం లేదు. చివరి మార్కుల్లో 25 శాతం అసైన్‌మెంట్లకు, 75 శాతం పరీక్షకు. పరీక్ష ఇంట్లో కూర్చుని రాసేది కాదు. దరఖాస్తులో ఎంచుకున్న పట్టణంలో, కేంద్రానికి వెళ్లి, గుర్తింపు కార్డు చూపించి రాయాలి. ఆ సర్టిఫికెట్‌కు విలువ వచ్చింది అందువల్లనే.

కోర్సు ఎంచుకోవడంలోనే అసలు జాగ్రత్త అవసరం. పేరు చూసి చేరవద్దు. ఒకే పేరుతో పీజీ విద్యార్థులకు ఉద్దేశించిన కోర్సు కూడా ఉండవచ్చు. కోర్సు పేజీలో అది ఎవరి కోసమో, ముందుగా ఏం తెలిసి ఉండాలో రాసి ఉంటుంది. వారాల వారీ పాఠ్యాంశాల పట్టికను మీ అబ్బాయి తన సెమిస్టర్ సిలబస్ కాగితం పక్కన పెట్టి చూసుకోవాలి. ఐఐటీ కాన్పూర్‌లో పనిచేసిన హెచ్.సి. వర్మ గారు బీఎస్సీ విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని చెప్పిన విద్యుదయస్కాంతత్వం పాఠాలు ఈ స్థాయికి సరిపోతాయి. ఐఐటీ మద్రాస్‌కు చెందిన వి. బాలకృష్ణన్ గారి క్లాసికల్ ఫిజిక్స్, క్వాంటమ్ ఫిజిక్స్ ఉపన్యాసాలు అద్భుతమైనవి, కాని రెండో సంవత్సరంలో వాటితో మొదలుపెడితే నిరుత్సాహపడే ప్రమాదం ఉంది. వాటిని మూడో సంవత్సరానికి దాచుకోమనండి. ఎన్‌పీటెల్‌లో కొన్ని కోర్సుల పాఠాలకు తెలుగు అనువాదాలు కూడా పెట్టారు. ఇంగ్లీషు వేగం అందుకోలేని పిల్లలు ముందు తెలుగులో చదివి, తరువాత వీడియో చూస్తే ఎంతో తేడా కనిపిస్తుంది.

పాఠం విన్నంత మాత్రాన ఫిజిక్స్ రాదు. విద్యుదయస్కాంత సిద్ధాంతం నుంచే ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక గోళమంతటా విద్యుదావేశం సమంగా పరచుకుని ఉంటే, గోళం లోపల విద్యుత్ క్షేత్రం కేంద్రం నుంచి దూరం పెరిగే కొద్దీ అదే నిష్పత్తిలో పెరుగుతుంది. ఉపరితలం దాటాక దూరపు వర్గానికి విలోమానుపాతంలో తగ్గుతుంది. వీడియోలో సార్ బోర్డు మీద చేసి చూపిస్తుంటే ఇది అయిదు నిమిషాల్లో తేలిపోయే విషయంగా కనిపిస్తుంది. మీ అబ్బాయిని వీడియో ఆపేసి, తెల్ల కాగితం మీద గాస్ నియమంతో మొదలుపెట్టి ఈ రెండు ఫలితాలనూ సొంతంగా రాబట్టమనండి. లోపల మనం ఊహించుకున్న చిన్న గోళంలో ఇమిడిన ఆవేశం వ్యాసార్థపు ఘనంతో పెరుగుతుందని, దాని ఉపరితల వైశాల్యం వర్గంతో పెరుగుతుందని, అందువల్ల క్షేత్రం విలువలో వ్యాసార్థం ఒక్కసారే మిగులుతుందని చేతితో రాసి తెలుసుకున్న విద్యార్థి పరీక్షలో ఆ ప్రశ్న ఎలా తిప్పి అడిగినా రాస్తాడు. గంట వీడియోకు కనీసం రెండు గంటల కాగితం పని ఉండాలని నా గట్టి అభిప్రాయం. ఈ పని చేయించడానికి డబ్బు అవసరం లేదు. తరగతిలో మరో ఇద్దరు ముగ్గురు స్నేహితులు అదే కోర్సులో చేరి, ఆదివారం పూట ఒకచోట కూర్చుంటే చాలు.

లెక్కల కోసం అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం ఓపెన్‌స్టాక్స్ పేరిట ఉచితంగా అందిస్తున్న యూనివర్సిటీ ఫిజిక్స్ పుస్తకం మూడు సంపుటాలు దించుకోండి. మొదటి దానిలో యాంత్రికశాస్త్రం, తరంగాలు. రెండో దానిలో ఉష్ణం, విద్యుత్తు, అయస్కాంతత్వం. మూడో దానిలో కాంతి, ఆధునిక భౌతికశాస్త్రం ఉంటాయి. ఎంఐటీ వారి ఓపెన్‌కోర్స్‌వేర్‌లో కూడా పాఠాలు ఉచితమే, పైగా చాలా కోర్సులకు అసైన్‌మెంట్లు, జవాబులు జతచేసి ఉంటాయి. అక్కడ సర్టిఫికెట్ మాత్రం ఇవ్వరు. తెలుగులో వినడానికి మన రాష్ట్ర ప్రభుత్వ టీ-శాట్ విద్య ఛానల్ ఉంది.

ఇక డిగ్రీకి పనికివస్తుందా అన్న మాట. విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం వరకు ‘స్వయం’ ద్వారా చదివి, క్రెడిట్లు (కోర్సు పూర్తి చేసినందుకు డిగ్రీలో లెక్కకు వచ్చే యూనిట్లు) బదిలీ చేసుకునే వీలును విశ్వవిద్యాలయాలు కల్పించవచ్చు. అయితే ఏ పేపరుకు బదులుగా ఏ కోర్సును ఒప్పుకుంటారన్నది విశ్వవిద్యాలయం, కళాశాల ముందే తేల్చాలి. కోర్సు పూర్తి చేసి వచ్చి అడిగితే లాభం ఉండదు. మీ అబ్బాయి ప్రిన్సిపాల్ గారిని కలిసి, కళాశాలలో ఎన్‌పీటెల్ లోకల్ చాప్టర్ (ఆ కోర్సుల పని చూసే కళాశాల విభాగం) ఉందా, దాని బాధ్యత చూసే అధ్యాపకులు ఎవరు అని అడగాలి. లేకపోతే పెట్టమని కోరవచ్చు. క్రెడిట్ రాకపోయినా సరే, సెమిస్టర్ పరీక్షకు తయారు కావడానికే ఈ కోర్సు చదవమనండి. అప్పుడు పరీక్ష రుసుము కూడా కట్టనక్కర్లేదు.

ఒక్క విషయం మాత్రం ఆన్‌లైన్ ఏదీ తీర్చలేదు: ప్రాక్టికల్స్. కళాశాల ల్యాబ్ తెరిచి ఉండాలి, చేయించే మనిషి ఉండాలి. తల్లిదండ్రులు నలుగురు కలిసి వెళ్లి, అతిథి అధ్యాపకుడినైనా నియమించమని రాతపూర్వకంగా ప్రిన్సిపాల్ గారికి ఇవ్వండి. అది మీ హక్కు. ఆ 38,000 రూపాయల చర్చ కన్నా ఈ కాగితం ముఖ్యమైనది.

ప్రశ్న: మా చెల్లెలు హనుమకొండలో బైపీసీ, తరువాత బీఎస్సీ బీజడ్‌సీ (వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం) చదివింది. పెళ్లయ్యాక మా బావతో టెక్సాస్‌లో ఉంటోంది. ఇప్పుడు అక్కడ ఫిజికల్ థెరపీలో డాక్టరేట్ కోర్సుకు దరఖాస్తు చేయాలనుకుంటే, ల్యాబ్‌తో కూడిన కాలేజీ ఫిజిక్స్ రెండు సెమిస్టర్లు చదివి ఉండాలంటున్నారట. ఇంటర్‌లో ఫిజిక్స్ చదివింది కదా, అది చాలదా? చిన్న పాప ఉంది కాబట్టి ఆన్‌లైన్‌లో తక్కువ ఖర్చుతో చేయగలిగే కోర్సు చెప్పండి.
— ఒక అన్న, హనుమకొండ

జవాబు: మన ఇంటర్మీడియట్‌ను అక్కడ పాఠశాల విద్యగానే లెక్కిస్తారు కాబట్టి అది చాలదు. బీజడ్‌సీలో ఫిజిక్స్ ఉండదు కనుక డిగ్రీ మార్కుల మెమోలో చూపించుకోవడానికి ఏమీ లేకుండా పోయింది. మన జిల్లాల నుంచి వెళ్లిన బైపీసీ అమ్మాయిలు చాలామందికి ఎదురయ్యే చిక్కే ఇది. మీ చెల్లెలు దిగులు పడవలసిన పని లేదు. ఆమెకు కావలసిన పాఠం అక్కడి మొదటి సంవత్సరం పాఠమే.

హుజూరాబాద్ తండ్రికి చెప్పిన సలహా ఇక్కడ వర్తించదు. అక్కడ అబ్బాయికి కావలసింది చదువు, ఆమెకు కావలసింది చదువుతో పాటు గుర్తింపు ఉన్న కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్ (అధికారిక మార్కుల పత్రం) మీద గ్రేడు. ఉచిత కోర్సులు, కోర్సెరా, ఎడ్‌ఎక్స్ వంటి వేదికల మీది సాధారణ సర్టిఫికెట్లు ఆ పనికి రావు. కాబట్టి ఈమె డబ్బు కట్టవలసిందే, కాని ఎక్కడ కట్టాలన్నది చూసుకోవాలి.

అన్నిటికన్నా చవకైనది, నమ్మదగినది ఆమె ఉంటున్న ప్రాంతపు కమ్యూనిటీ కాలేజీ, అంటే స్థానికులకు డిగ్రీ మొదటి రెండేళ్ల పాఠాలు చెప్పే ప్రభుత్వ కాలేజీ. అక్కడ ఫీజు మూడు అంచెలుగా ఉంటుంది: ఆ కాలేజీ పరిధిలో నివసించే వారికి అతి తక్కువ, అదే రాష్ట్రంలో వేరే పరిధి వారికి మరికొంత ఎక్కువ, బయటి రాష్ట్రాల వారికి, విదేశీయులకు చాలా ఎక్కువ. హెచ్-4 వీసా (అక్కడ హెచ్-1బీ వీసా మీద పనిచేసే వారి భార్య లేదా భర్త, పిల్లలకు ఇచ్చే వీసా) మీద ఉన్నవారు చదువుకోవచ్చు. అయితే ఆమెను ఏ అంచెలో చేర్చుతారో అడ్మిషన్ల కార్యాలయంలో నివాస పత్రాలు చూపించి ముందే రాయించుకోవాలి. కోర్సు ఖర్చులో పెద్ద తేడా వచ్చేది అక్కడే. అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, బావగారి పన్ను పత్రాలు సిద్ధంగా పెట్టుకోమనండి.

టెక్సాస్‌లో ఒక సౌకర్యం ఉంది. అక్కడి ప్రభుత్వ కాలేజీలు ఉమ్మడి కోర్సు సంఖ్యలు వాడతాయి. ఫిజిక్స్ 1401, 1402 అంటే బీజగణితం, త్రికోణమితి ఆధారంగా చెప్పే కాలేజీ ఫిజిక్స్ మొదటి, రెండో భాగాలు. 2425, 2426 అంటే కలనగణితం ఆధారంగా ఇంజనీరింగ్ విద్యార్థులకు చెప్పే యూనివర్సిటీ ఫిజిక్స్. సంఖ్యలో మొదటి అంకె ఏ సంవత్సరపు పాఠమో, రెండో అంకె ఎన్ని క్రెడిట్లో చెబుతుంది. కాబట్టి 1401 అంటే మొదటి సంవత్సరపు, నాలుగు క్రెడిట్ల కోర్సు. అందులో ల్యాబ్ కూడా కలిసి ఉంటుంది. ఫిజికల్ థెరపీ కోర్సులు సాధారణంగా 1401, 1402 స్థాయినే అడుగుతాయి. బైపీసీ చదివిన అమ్మాయి పొరపాటున 2425లో చేరితే అనవసరంగా కష్టపడుతుంది. 1401లో చేరడానికి కూడా కొంత గణితం చదివి ఉండాలన్న షరతు ఉంటుంది, ఈమెకు ఇంటర్‌లో గణితం లేదు కాబట్టి ఆ సంగతి ముందుగా తేల్చుకోవాలి. అవసరమైతే ఒక సెమిస్టర్ గణితం అదే కాలేజీలో చదవడం మంచిదని నేను అంటాను. వెక్టర్లను విడదీయడం, సైన్, కొసైన్ వాడడం చేతికి రాకుండా వాలు తలం మీది లెక్క ఒక్కటి కూడా ముందుకు కదలదు.

ల్యాబ్ విషయంలో మోసపోయే అవకాశం ఎక్కువ. కొన్ని కాలేజీలు పాఠం, ల్యాబ్ రెండూ ఆన్‌లైన్‌లో ఇస్తాయి. ల్యాబ్ సామాను పెట్టెలో ఇంటికే పంపిస్తాయి లేదా కంప్యూటర్ మీద చేయిస్తాయి. కాని ఆమె దరఖాస్తు చేయబోయే విశ్వవిద్యాలయాల్లో కొన్ని ఆన్‌లైన్ ల్యాబ్‌ను ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. కొన్ని చోట్ల ఇన్నేళ్లలోపు చదివి ఉండాలన్న గడువు, కనీసం సి గ్రేడు ఉండాలన్న నియమం ఉంటాయి. అందుకని ఫీజు కట్టక ముందే, దరఖాస్తు చేయదలచిన ప్రతి విశ్వవిద్యాలయానికీ ఈమెయిల్ రాసి, ఫలానా కాలేజీలో ఫలానా సంఖ్య గల కోర్సును, ల్యాబ్ ఆన్‌లైన్‌లో చేసినా ఒప్పుకుంటారా అని సూటిగా అడిగి, వచ్చిన జవాబును భద్రపరచుకోవాలి. ఫోన్‌లో ఎవరో అవునన్నారంటే చాలదు.

ఎవరికి వారే తమ వీలును బట్టి చదువుకోవచ్చు, నెలకు ఇంత కడితే చాలు అని ప్రకటించే సంస్థలు ఆమెకు తప్పక తారసపడతాయి. వాటిలో కొన్ని స్వయంగా కాలేజీలు కావు. అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ అనే సంస్థ వాటి కోర్సులకు క్రెడిట్ ఇవ్వవచ్చని సిఫారసు చేస్తుంది. ఆ సిఫారసును మన్నించాలా వద్దా అన్నది ఆయా విశ్వవిద్యాలయాల ఇష్టం, వృత్తి విద్యా కోర్సులు చాలా చోట్ల మన్నించవు. టెక్సాస్ కాలేజీకైతే ఎస్ఏసీఎస్‌సీఓసీ అనే, అక్కడి కాలేజీలకు గుర్తింపు ఇచ్చే సంస్థ గుర్తింపు ఉందా అని చూసుకుంటే చాలు. పరీక్ష ఒక్కటి రాసి క్రెడిట్ తెచ్చుకునే క్లెప్ పద్ధతి గురించి కూడా ఎవరైనా చెప్పవచ్చు. క్లెప్‌లో ఫిజిక్స్ పరీక్షే లేదు.

పాప చిన్నది అన్నారు కనుక నా సలహా: పాఠం ఆన్‌లైన్‌లో, ల్యాబ్ మాత్రం వారానికి ఒక పూట కాలేజీకి వెళ్లి చేసే కలగలుపు తరగతి దొరికితే అదే తీసుకోమనండి. ఆ పూట పాపను చూసుకునే ఏర్పాటుకు అయ్యే ఖర్చు, ల్యాబ్‌ను ఎవరూ ఒప్పుకోక మళ్లీ కోర్సు కట్టే ఖర్చు కన్నా తక్కువే. పుస్తకం కొనే ముందు ఆ కాలేజీలో ఓపెన్‌స్టాక్స్ వారి కాలేజీ ఫిజిక్స్ వాడుతున్నారేమో చూడమనండి. అది 2012లో వచ్చిన, బీజగణితం ఆధారంగా రాసిన ఉచిత పుస్తకం. కోర్సు మొదలుకావడానికి ముందు సెలవుల్లో దానిలోని మొదటి నాలుగైదు అధ్యాయాలు చదివి వెళ్తే సగం భయం పోతుంది.

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలిని. బీఎస్సీ చదివి చాలా ఏళ్లయింది. డిగ్రీ ఫిజిక్స్‌ను మళ్లీ మొదటి నుంచి చదవాలని ఉంది, సర్టిఫికెట్ అక్కర్లేదు. మా ఊళ్లో నెట్ సరిగా రాదు. దగ్గరలో ల్యాబ్ లేదు. ఏమైనా దారి ఉందా?
— ఒక ఉపాధ్యాయురాలు, ఏటూరునాగారం

జవాబు: అమ్మా, ఈ ఉత్తరం చదివి నాకు చాలా సంతోషమేసింది. మీకు దాదాపు ఖర్చే ఉండదు. నెల జీతం పనుల మీద ములుగుకో హనుమకొండకో వెళ్లినప్పుడు దించుకోగలిగినవన్నీ దించుకోండి. ఎన్‌పీటెల్ వీడియోలు దించుకోవచ్చు, ఓపెన్‌స్టాక్స్ పుస్తకాలు పీడీఎఫ్‌లో వస్తాయి. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) తన దూరవిద్య విద్యార్థుల కోసం అచ్చు వేసే ఫిజిక్స్ పాఠ్యపుస్తకాలు దాని ఆన్‌లైన్ గ్రంథాలయం ఈ-జ్ఞాన్‌కోశ్‌లో ఉచితంగా ఉన్నాయి. గురువు పక్కన లేకుండా చదివే వారికోసం రాసినవి కాబట్టి మీకు వాటినే ముందుగా సూచిస్తాను. ప్రతి విభాగం మధ్యలో ప్రశ్నలు, చివర జవాబులు ఉంటాయి. సిగ్నల్‌తో పని లేకుండా టీవీలో చూడాలంటే డీటీహెచ్‌లో స్వయంప్రభ ఛానళ్లు ఉన్నాయి.

ప్రయోగాల కోసం అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ అనే, కంప్యూటర్ మీద ఆటలా నడిపే ప్రయోగ నమూనాలు చూడండి. నోబెల్ బహుమతి గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. చాలా నమూనాలను ఫైలుగా దించుకుని నెట్ లేకుండా నడపవచ్చు, తెలుగులోకి అనువదించినవి కూడా ఉన్నాయి కాబట్టి మీ పిల్లలకు కూడా చూపించవచ్చు. జర్మనీలోని ఆహెన్ విశ్వవిద్యాలయం వారి ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఫోన్‌లో ఉండే సెన్సర్లనే ప్రయోగ పరికరాలుగా మారుస్తుంది. అందులో శబ్దంతో మొదలై శబ్దంతో ఆగే స్టాప్‌వాచ్ ఉంది. ఒక రూలు కర్రను బల్ల అంచు దాటి బయటికి వచ్చేలా ఉంచి, ఆ బయటి భాగం మీద బంతి పెట్టి, కర్రను చప్పుడయ్యేలా పక్కకు కొడితే గడియారం మొదలవుతుంది. బంతి నేలను తాకిన చప్పుడుకు ఆగుతుంది. 1.25 మీటర్ల ఎత్తు నుంచి పడితే దాదాపు 0.505 సెకన్లు రావాలి. మీకు ఎంత వచ్చింది, తేడా ఎందుకు వచ్చింది అని ఆలోచించడమే డిగ్రీ ల్యాబ్‌లో నేర్పవలసిన విషయం.

యాప్ కూడా వద్దనుకుంటే లోలకం ఉంది. వేలాడదీసిన చోటు నుంచి గుండు కేంద్రం వరకు సరిగ్గా ఒక మీటరు ఉండేటట్టు దారం కట్టి, కొద్దిగా మాత్రమే పక్కకు లాగి వదిలి, 20 డోలనాలకు పట్టిన కాలాన్ని కొలవండి. 40.1 సెకన్లు వస్తే ఒక్క డోలనానికి 2.005 సెకన్లు, దాని నుంచి గురుత్వ త్వరణం 9.82 అని తేలుతుంది. ఒక్క డోలనాన్నే కొలిస్తే చేతి ఆలస్యం వల్ల వచ్చే దోషం ఫలితాన్ని పాడుచేస్తుంది. ఇరవైకి కొలిస్తే అదే ఆలస్యం ఇరవై భాగాలుగా పంచుకుపోతుంది. దారం పొడవును 25 సెంటీమీటర్లకు తగ్గిస్తే కాలం సగం అవుతుందో లేదో కూడా చూడండి. పొడవును ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచామన్నది ఎంత ముఖ్యమో అప్పుడు తెలుస్తుంది.

ఈ క్రమంలో చదవండి: యాంత్రికశాస్త్రం, ఉష్ణం, విద్యుదయస్కాంతత్వం, తరంగాలు–కాంతి, ఆఖరున ఆధునిక భౌతికశాస్త్రం. అవకలనం, సమాకలనం మరిచిపోయి ఉంటే వాటితోనే మొదలుపెట్టండి.

ప్రశ్న: సింగరేణిలో షిఫ్టు డ్యూటీలు చేస్తున్నాను. ఇంటర్ ఎంపీసీతో చదువు ఆపేశాను. ఫిజిక్స్ ఉన్న బీఎస్సీని పూర్తిగా ఆన్‌లైన్‌లో, తెలుగులో చేయగలనా?
— ఒక కార్మికుడు, గోదావరిఖని

జవాబు: పూర్తిగా ఆన్‌లైన్‌లో అంటే కుదరదు. ల్యాబ్ తప్పనిసరిగా ఉండవలసిన డిగ్రీలను మొత్తంగా ఆన్‌లైన్‌లో ఇవ్వడానికి యూజీసీ నిబంధనలు ఒప్పుకోవు. ఇంట్లో కూర్చునే ఫిజిక్స్ బీఎస్సీ ఇప్పిస్తామని ఎవరైనా అంటే నమ్మకండి. దూరవిద్యలో మాత్రం మీరు కోరినదానికి చాలా దగ్గరి దారి ఉంది.

హైదరాబాద్‌లోని డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఏర్పడింది. దేశంలో అదే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. తెలుగు మాధ్యమంలో, ఫిజిక్స్ ఒక సబ్జెక్టుగా బీఎస్సీ చదవవచ్చు. పాఠ్యపుస్తకాలు వాళ్లే ఇస్తారు. రెగ్యులర్ ప్రైవేటు కళాశాల ఖర్చుతో పోలిస్తే ఫీజు తక్కువ. థియరీ మీ షిఫ్టును బట్టి ఇంట్లో చదువుకోవచ్చు, ప్రాక్టికల్స్‌కు మాత్రం అధ్యయన కేంద్రానికి హాజరు కావాలి. సైన్స్ గ్రూపులు అన్ని కేంద్రాల్లోనూ ఉండవు. అందుకని దరఖాస్తు చేసే ముందు పెద్దపల్లి, కరీంనగర్, మంచిర్యాల వైపు కేంద్రాల్లో మీరు కోరిన గ్రూపుకు ల్యాబ్ ఎక్కడ నడుస్తుందో, ప్రాక్టికల్స్ ఏ నెలలో ఏ రోజుల్లో పెడతారో స్వయంగా వెళ్లి కనుక్కోండి. ఆ తేదీలకు సరిపడా సెలవులను ముందే కూడబెట్టుకోవాలి. షిఫ్టు మార్పిడికి తోటివారితో ముందే మాట్లాడి పెట్టుకోవడం మంచిది. ఇగ్నోలో కూడా ఫిజిక్స్ ఉన్న బీఎస్సీ ఉంది, కాని మీరు తెలుగు అన్నారు కనుక అంబేడ్కర్ విశ్వవిద్యాలయాన్నే సూచిస్తున్నాను.

ఏ దూరవిద్యా కోర్సులో చేరినా, ఆ సంవత్సరానికి ఆ కోర్సుకు అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైట్‌లోని జాబితాలో చూసుకోండి. ఫీజును విశ్వవిద్యాలయం అధికారిక పోర్టల్‌లో మీరే కట్టి రసీదు దాచుకోండి. సీటు ఇప్పిస్తామని మధ్యలో వచ్చే వారి చేతికి డబ్బు, మెమో ఒరిజినల్స్ ఇవ్వకండి.